మరక ఎక్కడున్నది? – పాత ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్ముల సంగతి

అమెరికా వలస చట్టం మారినదీ, కొడాక్ సంస్థ సూపర్ 8 ఫిల్మును విడుదల చేసినదీ ఒకే సంవత్సరం: 1965. ఆ తరువాత ఇక్కడికి వచ్చిన తొలితరం తెలుగు కుటుంబాలలో కొందరు పిల్లల పుట్టినరోజులను, తొలి మంచును, చూడవచ్చిన అమ్మమ్మలను ఆ బుల్లి కెమెరాలతోనే చిత్రించుకొన్నారు. క్యారీ వంటి ఊళ్ళలో ఆ రీళ్ళు నేడు అటక మీదనో, గరాజులోనో పడి ఉంటాయి. ఉత్తర కరోలినా వేసవి ఉక్క వాటికి బద్ధశత్రువు. ఏళ్ళ తరువాత తీసి చూస్తే తెరనిండా నలకలు, గీతలు, బూజు. వెంటనే చేతికందిన గుడ్డతో తుడవబోవడం సహజం. అసలు నష్టం తరచుగా అక్కడే జరుగుతుంది.

సూపర్ 8 బొమ్మ వెడల్పు సుమారు 5.8 మిల్లీమీటర్లు. నాలుగడుగుల తెరమీద అది రెండు వందల రెట్లకు పైగా పెరుగుతుంది. మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు నలక తెరపై సెంటీమీటరు మచ్చగా కనబడుతుంది. కనుక మచ్చను చూసి బెంగపడే ముందు అది ఎక్కడున్నదో తేల్చుకోవాలి.

మచ్చ ఒక్క క్షణం మెరిసి మాయమైతే అది ఫిల్ము మీదనే ఉన్నది. వెంట్రుక వంటిది ఒకేచోట కదలక నిలిచి ఉంటే ప్రొజెక్టరును ఆపి, కాంతి ముందు ఫిల్ము నిలిచే గేటును మెత్తని బ్రష్షుతో శుభ్రపరచి మళ్ళీ చూడాలి. అప్పటికీ పోకపోతే ఆ వెంట్రుక చిత్రీకరణనాడే కెమెరా గేటులో ఉన్నదన్నమాట. అది బొమ్మలో భాగమే. ఎంత తుడిచినా పోదు.

గీతల రంగు మరింత చెబుతుంది. రంగుల రివర్సల్ ఫిల్ములో పైన పసుపు, నడుమ మెజెంటా, అడుగున సయాన్ వర్ణకాల పొరలుంటాయి. పైపొర మాత్రమే చెక్కుకుపోతే గీత నీలంగా, రెండు పొరలు పోతే ఆకుపచ్చ కలిసిన నీలంగా, మూడూ పోతే తెల్లగా కనిపిస్తుంది. పోయిన వర్ణకాన్ని ఏ ద్రవమూ తిరిగి తేలేదు. నల్లని గీత అయితే చాలావరకు వెనుకవైపు ఆధారపు పొరమీదిదే. అక్కడ కాంతి చెదరిపోవడం వల్ల నల్లగా కనిపిస్తుంది. దాదాపు అదే వక్రీభవన గుణకం గల ద్రవంతో ఆ గాడిని నింపి స్కాన్ చేస్తే గీత అదృశ్యమవుతుంది. ప్రయోగశాలలు ‘వెట్ గేట్’ అనేది దీనినే.

సాలెగూడులా కొమ్మలు చాచిన మరక బూజు. ఫిల్ము మీది జెలటిన్ దానికి ఆహారం. బూజు తిన్న జెలటిన్ నీటిలో కరిగిపోతుంది. తడిగుడ్డ పెడితే మరకతోపాటు అమ్మమ్మ ముఖమూ ఊడివస్తుంది. మందుల దుకాణంలో దొరికే డెబ్బై శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలులోనూ మిగిలినది నీరే. తొంభైతొమ్మిది శాతానిది వాడుకోవచ్చు – నూలుపోగులు రాలని గుడ్డతో, ముందుగా రీలు కొసన పరీక్షించి, కిటికీలు తెరిచి. శబ్దం కోసం అయస్కాంతపు పట్టీ ఉన్న ఫిల్ము జోలికి మాత్రం ద్రవాలతో పోరాదు. ఒకప్పుడు అందరూ వాడిన ట్రైక్లోరోఈథేన్ ఓజోను పొరకు హాని చేస్తుందని, మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సంపన్నదేశాలలో 1996 నాటికి దాని ఉత్పత్తి నిలిచిపోయింది.

డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే అది మురికి కాదు. అసిటేట్ ఆధారమే విచ్ఛిన్నమై అసిటిక్ ఆమ్లాన్ని విడుస్తున్నది. ఆ ఆమ్లమే విచ్ఛిత్తిని మరింత వేగవంతం చేస్తుంది. 1948లో వచ్చిన ట్రైఅసిటేట్ ఫిల్ముకు ఈ జబ్బున్నదని కొడాక్‌కు చేరిన తొలి ఫిర్యాదు భారత ప్రభుత్వానిదే. ఉక్క తెలిసిన దేశం కదా! అటువంటి రీలును మిగిలినవాటికి దూరంగా, చల్లగా, పొడిగా ఉంచి, ముందుగా దానినే స్కాన్ చేయించాలి.

కొన్ని స్కానర్లు పరారుణ కాంతితో ధూళిని గుర్తించి కంప్యూటరులో చెరిపివేస్తాయి. మామూలు వర్ణకాలగుండా ఆ కాంతి సాగిపోతుంది, ధూళి అడ్డుకుంటుంది. కొడాక్రోమ్‌లోని సయాన్ వర్ణకం మాత్రం దానిని కొంత పీల్చుకొంటుంది. యంత్రం నల్లని జడను కూడా ధూళిగా పొరబడవచ్చు. కనుక ఫిల్ము అంచున కొడాక్రోమ్ అన్న పేరు కనిపిస్తే ఆ పద్ధతిని ఆపి స్కాన్ చేయమని ముందే చెప్పాలి. వెండి రేణువులతో ఏర్పడిన నలుపు తెలుపు బొమ్మలకూ ఇదే జాగ్రత్త.