సీసాలో తిరిగిన ఉండ

మా నడికుడి వైపు క్యాన్సర్‌ వైద్యంలో రేడియేషన్ అనే మాట ఎవరూ వాడరు. "కరెంటు పెట్టించుకుంటున్నాడు" అంటారు. పొద్దున్నే జంక్షన్‌లో గుంటూరు బండి కోసం కూర్చున్నవాళ్లలో ఎవరి మెడ మీదైనా సిరా గీతలు కనిపిస్తే, ఎక్కడికని అడగక్కర్లేదు. అలాంటి పెద్దాయనొకరు నన్నడిగాడు: "రోజూ ఇంతింత ఎందుకయ్యా? ఒక్కసారే గట్టిగా పెట్టి పంపొచ్చుగా?" వారానికి ఐదు రోజులు బండెక్కే మనిషి అడగాల్సిన ప్రశ్నే.

జవాబులో కొంత ఒక గాజుసీసాలో ఉంది.

ప్రయోగశాలల్లో కణాలను పళ్లెం అడుగున ఒంటిపొరగా పెంచేవారు. కళ్లంలో పరిచిన మిరపకాయలన్నిటికీ ఎండ తగిలినట్టు, అక్కడ ప్రతి కణానికీ ఆక్సిజన్ అందుతుంది. ఒంట్లో కంతి అలా ఉండదు. 1970 ప్రాంతంలో కెనడాలో రాబర్ట్ సదర్లాండ్ బృందం హ్యామ్‌స్టర్ ఊపిరితిత్తుల కణాలను అడుగుకు దిగనివ్వకుండా తిప్పుతూ పెంచింది. పరికరం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది: సీసాలో ఒక అయస్కాంతపు కడ్డీ, కింద దాన్ని తిప్పే పెట్టె. ఆనడానికి చోటు దొరకని కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని గుండ్రటి ఉండలయ్యాయి. వీటినే స్ఫెరాయిడ్లు అంటారు. అర మిల్లీమీటరు ఉండను, అంటే ఆవగింజకన్నా చిన్నదాన్ని, కోసి చూస్తే అంచున చురుగ్గా విభజన చెందే కణాలు, లోపల ఆక్సిజన్ చాలక మందగించినవి, నడిమధ్య చచ్చినవి. మనిషి ఊపిరితిత్తుల కంతుల్లోనూ ఇదే తీరని పరిశోధకులు థాంలిన్సన్, గ్రే 1955లోనే చూపారు.

పిడుగురాళ్ల సున్నపు బట్టీలో మరీ పెద్ద రాయి వేస్తే పైన కాలి, నడుమ పచ్చిగా మిగులుతుంది. కిరణాలు పడ్డ ఉండదీ ఇంచుమించు అదే కథ. కాకపోతే బట్టీలో వేడి లోపలికి చేరదు. కిరణం మాత్రం ఉండను అవలీలగా దాటేస్తుంది. లోపల కొరతంతా ఆక్సిజన్‌దే. డీఎన్ఏకు తగిలిన గాయాన్ని మాననివ్వకుండా చేసేది ఆక్సిజన్. అది అందని కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు కావాలి. ఉండల్ని విడదీసి బతికినవాటిని లెక్కపెడితే, మోతాదు పెంచేకొద్దీ గీత మొదట నిటారుగా పడి, ఆపైన వాలు తగ్గింది. ఆ తోక మొండి కణాలది.

చిత్రమేమంటే, కిరణం తగిలిన ఉండ వెంటనే చిక్కదు. దెబ్బతిన్న కణాల్లో చాలావరకు విభజన చెందబోయి చస్తాయి. అందాకా పెరుగుదల కనిపిస్తూనే ఉంటుంది. తర్వాత అది ఆగుతుంది. బయటివి పోయేకొద్దీ లోపలివాటికి ఆక్సిజన్ అంది, అవి మళ్లీ విభజనకు దిగుతాయి. వదిలేస్తే ఉండ మళ్లీ ఎదుగుతుంది. ఆ వేళకు ఇంకో విడత పడితే ఈసారి తేలిగ్గా లొంగుతాయి. విడతల పద్ధతి 1920ల నాటి పారిస్‌లోనే ఉంది, అనుభవం మీద. పక్కనున్న మంచి కణాలు కోలుకోవడానికీ ఆ వ్యవధి కావాలి.

ఇదంతా బట్టీ భాషలో చెప్పాను. పెద్దాయన కాసేపు ఆలోచించి, "రాయి పెద్దదైతే ముందు పగలగొట్టి వేస్తాం కదా" అన్నాడు. కాలర్ పక్కకు లాగి కుట్లు చూపించాడు. "ముందు ఇది కోసింది అందుకేనా?"

అదీ ఒక కారణమేనన్నాను. బండి వచ్చింది.