తోలు సోఫాకు తలంటు తగదు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్ళలో తోలు సోఫా నేడు సామాన్యమైన వస్తువు. సామాన్యమే గాని చవక కాదు. మంచి తోలు సోఫా వెల వేల డాలర్లలో ఉంటుంది. కొన్న కొత్తలో అపురూపంగా చూసుకున్నవారే, కొన్నేళ్ళు గడిచేసరికి తల ఆనేచోట జిడ్డునూ, కూర్చునేచోట పగుళ్ళనూ చూసి చింతిస్తారు. ఊరినుంచి వచ్చిన పెద్దవారి తలనూనెపై నేరం మోపడమూ, ఇంట్లో ఉన్న సబ్బుతోనో, వంటసోడాతోనో, కొబ్బరినూనెతోనో చికిత్సకు పూనుకోవడమూ తరువాతి ఘట్టాలు. ఒక్కొక్కప్పుడు వాడకం వల్ల కలిగిన హాని కన్న ఈ చికిత్స వల్ల కలిగే హానియే ఎక్కువ. మన చర్మానికి మేలు చేసేదల్లా తోలుకు కూడా మేలు చేస్తుందనే భావమే ఇందుకు మూలం.

తోలు ఒకప్పటి చర్మమే. అందులోని ప్రధాన పదార్థం కొల్లాజెన్ అనే ప్రోటీను. మూడు పోగులు కలిపి పేనిన తాడువలె ఇందులో మూడు గొలుసులు పెనవేసుకొని ఉంటాయని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కార్తా ప్రతిపాదించారు. పచ్చి చర్మం తడిగా ఉంటే కుళ్ళుతుంది, ఆరితే బిరుసెక్కుతుంది. ఈ రెండు అవగుణాలనూ పోగొట్టడమే తోలును పదును చేయడం. పూర్వం మన ప్రాంతాలలో తంగేడు చెక్క, కరక్కాయలతో ఈ పని చేసేవారు. 1884లో న్యూయార్కులో ఆగస్టస్ షుల్ట్జ్ క్రోమియంతో పదును చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. అటుపై క్రోమియం పద్ధతులే ప్రపంచమంతటా వ్యాపించాయి. క్రోమియం పక్కపక్కనున్న కొల్లాజెన్ గొలుసులను వంతెనవలె కలుపుతుంది. పచ్చి చర్మం నీటిలో 60-65 డిగ్రీల సెల్సియస్ వద్దనే ముడుచుకుపోగా, క్రోమియంతో చక్కగా పదునైన తోలు మరిగే నీటిని సైతం తట్టుకోగలదు.

ఈ శాస్త్రంలో తెలుగువారు సగర్వంగా చెప్పుకోదగిన పేరు యలవర్తి నాయుడమ్మ. 1922లో తెనాలి సమీపాన జన్మించిన ఆయన పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. మద్రాసులోని కేంద్రీయ తోలు పరిశోధనా సంస్థకు సంచాలకులై, శాస్త్రఫలాలు గ్రామాలలో తోలుపని చేసేవారికి సైతం అందాలని కృషి చేశారు. 1985 జూన్ 23న ఐర్లండు తీరాన కూలిన 'కనిష్క' విమానంలో ఆయన అసువులు బాశారు.

ప్రాణమున్న చర్మం తనకు కావలసిన నూనెను తానే ఊరుస్తుంది. అరిగిన పొరను తానే పుట్టించుకుంటుంది. తోలుకు ఈ రెండు శక్తులూ లేవు. కర్మాగారంలో లోపలికి ఎక్కించిన నూనెలు, పైన పూసిన పూత, పోగుల మధ్యనున్న కొద్దిపాటి తేమ, ఇవే దాని ఆస్తి. ఈ ఆస్తికి నష్టం కలగకుండా మురికిని మాత్రమే తీయడం శుభ్రపరచడమనిపించుకుంటుంది.

అన్నింటికన్న ముందు సోఫా ఏ జాతిదో తెలుసుకోవాలి. మరుగున ఉన్న చోట ఒక నీటిబొట్టు వేసి చూస్తే చాలు. బొట్టు నిలిచి ఉంటే అది రంగుపూత గల తోలు. ఇళ్ళలో వాడే తోలు సోఫాలలో అధికభాగం ఇటువంటివే. బొట్టు ఇంకి ఆ చోటు నల్లబడితే అది పూత లేని అనిలిన్ తోలో, నూగు గల నుబక్ తోలో అయి ఉంటుంది. వీటిమీద తడి ప్రయోగాలు ఇంట్లో చేయక, నిపుణులకు అప్పగించడం క్షేమం. 'బాండెడ్ లెదర్' అనేది వేరు. అది తోలు తునకలను పొడి చేసి జిగురుతో అతికి, పైన పాలియురితేన్ పూసినది. ఆ పూత పొరలుగా ఊడడం మొదలైతే ఏ లేపనమూ దానిని ఆపలేదు. కొనేటప్పుడే చీటీ చదవడం ఒక్కటే ఇందుకు మందు.

పూత గల తోలుకు నిత్యసేవ అతి సులభం. వారానికొకసారి మెత్తని గుడ్డతోనో, వాక్యూం క్లీనరు కుచ్చుతోనో దుమ్ము తీయాలి. దుమ్ములోని ఇసుకరేణువులు పూతను గీరుతాయి. మురికి పట్టినచోట డిస్టిల్డ్ నీటిలో తోలుకోసం తయారైన తటస్థమైన ద్రవసబ్బు కొద్ది చుక్కలు కలిపి, గుడ్డ ముంచి, గట్టిగా పిండి, మృదువుగా తుడవాలి. పిమ్మట మంచినీటి తడిగుడ్డతోనూ, పొడిగుడ్డతోనూ తుడవాలి. ఏదైనా ఒలికితే వెంటనే అద్దాలే గాని రుద్దకూడదు.

ఇక చేయకూడనివి. తోలు స్వభావరీత్యా ఆమ్లగుణం కలది. దాని పీహెచ్ సుమారు 3.5కూ 5కూ మధ్య ఉంటుంది. ఒంటిసబ్బు పీహెచ్ 9-10. అమోనియా కలిసిన ద్రవాలది ఇంకా ఎక్కువ. ఈ క్షారగుణం తోలులోని బంధాలను సడలించి నూనెలను బయటికి లాగుతుంది. కూర ఒలికినచోట సబ్బు మరింత చేటు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్లే, క్షారం తగిలిన పసుపు మరక ఎర్రబడుతుంది. సిరా మరకపై ఆల్కహాలు వేస్తే మరకతోపాటు పూత కూడా కరగవచ్చు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన గడ్డకడుతుంది గనుక, శీతకాలంలో తోలుపై తెల్లని చారలై తేలగలదు. ఇతర వంటనూనెలు గాలి తగిలి క్రమంగా బంకసాగి, కంపుకొట్టి, దుమ్మును పట్టుకుంటాయి.

చలికాలంలో ఫర్నేసు వేడికి ఇంటిలోని గాలి బాగా పొడిబారి తోలులోని తేమను లాగేస్తుంది. సోఫాను వేడిగాలి వచ్చే వెంటుకూ, ఎండపడే కిటికీకీ దూరంగా ఉంచి, గాలిలో తేమను 40-50 శాతం వద్ద నిలిపితే పగుళ్ళు ఆలస్యమవుతాయి. చెమ్మగిల్లే బేస్‌మెంటులో దీనికి విరుద్ధంగా బూజు భయం ఉంటుంది.

చివరగా తలనూనె సంగతి. నూనె రాయని తల సైతం సహజంగా జిడ్డును స్రవిస్తూనే ఉంటుంది. ఆ జిడ్డులోని కొవ్వు ఆమ్లాలూ, చెమటా ఏళ్ళ తరబడి తగిలి పూతను మెత్తబరుస్తాయి. కనుక నేరం పెద్దవారి ఒక్కరిదే కాదు, ఇంటిల్లిపాదిదీను. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో మకాసర్ అనే తలనూనె వాడుక ఎంతగా ఉండేదంటే, కుర్చీల వీపుపై పరిచే గుడ్డకు 'యాంటీమకాసర్' అనే పేరే స్థిరపడింది. తల ఆనేచోట అటువంటి ఉతుకుడు గుడ్డ ఒకటి పరచి, వారానికొకసారి మారిస్తే, అమ్మమ్మగారిని నూనె రాసుకోవద్దనీ, వెనుకకు ఆనవద్దనీ చెప్పవలసిన అవసరం ఎవరికీ కలగదు.