సి షిఫ్టుకు రాత్రి ఎప్పుడు?

పొద్దున్న ఏడు దాటింది. అచ్యుతాపురం కూడలిలో కంపెనీ బస్సు ఆగింది. రాత్రి డ్యూటీ, అంటే సి షిఫ్టు, దిగినవాళ్లు ఒక్కొక్కరే కిందికి వస్తున్నారు. కళ్లు ఎర్రబడ్డాయి, భుజాన క్యారేజీ సంచి. వాళ్లలో ఒకతను బడ్డీ దగ్గర ఇడ్లీ పొట్లం కట్టించుకుని సందులోకి తిరిగాడు. నేను వెళ్లాల్సిన మా బంధువు ఇల్లూ ఆ సందులోనే. ఎనిమిదింటికల్లా అతని గది కిటికీకి లోపలి నుంచి దుప్పటి అడ్డం పడింది. ఎనిమిదింపావుకి పక్క స్థలంలో, కడుతున్న మేడ మూడో అంతస్తులో, టైల్స్ కట్టర్ మొదలైంది.

ఆ మోత విన్నవాళ్లకే తెలుస్తుంది. చక్రం గాల్లో తిరుగుతున్నంతసేపు ఒక గుయ్‌మనే రొద. పలకను తాకగానే అది పళ్లు జివ్వుమనే కీచు అయిపోతుంది. అర నిమిషం కోత, తర్వాత మౌనం. మేస్త్రి కొలత తీసుకుంటాడు, పెన్సిలుతో గీత గీస్తాడు, మళ్లీ కోత. మధ్యాహ్నం అరుగు మీద కూర్చున్నప్పుడు ఆ రాత్రి డ్యూటీ కుర్రాడే నాతో అన్నాడు: "మోత కాదు సార్, ఆ మధ్యలో ఆపుతాడు చూడండి, అదే చంపేస్తాది. మళ్లీ ఎప్పుడు మొదలెడతాడో అని చెవి అక్కడే ఉంటాది. పదకొండింటికి లేచి కూచున్నాను."

రాత్రి పదింటికి అతను మళ్లీ కంపెనీలో ఉండాలి. రసాయనాల మధ్య, రియాక్టర్ పక్కన.

గదులు ఎవరి కోసం?

అచ్యుతాపురం ఒకప్పుడు పొలాల మధ్య ఉన్న ఊరు. తీరాన పూడిమడక మత్స్యకారులు, చుట్టూ పల్లెలు. ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) వచ్చింది, బ్రాండిక్స్ దుస్తుల పరిశ్రమ వచ్చింది, వరసగా ఫార్మా కంపెనీలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లా నుంచి విడిపోయి ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. 2025 జనవరి 8న పూడిమడక దగ్గర ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. ఇంత పని ఉన్నచోటికి మనుషులు రాకుండా ఎలా ఉంటారు? వచ్చినవాళ్లకు గది కావాలి. అందుకే కాస్త స్థలం, కాస్త డబ్బు ఉన్నవాళ్లు మేడ మీద మేడ లేపుతున్నారు. ఆ కుర్రాడి నిద్ర చెడగొడుతున్న మూడో అంతస్తు గదులు కూడా అతనిలాంటి వాళ్లు అద్దెకు దిగడానికి కడుతున్నవే. ఇక్కడ కట్టేవాడు దుర్మార్గుడు కాదు, పని చేసేవాడు మొరటువాడూ కాదు. గంటలే కుదరడం లేదు.

దీనికి చట్టం లేదనుకుంటే పొరపాటు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం 2000లో శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు తెచ్చింది. 2010 జనవరిలో వాటిలో 5ఎ అనే నిబంధన చేరింది. నివాస ప్రాంతాల్లోనూ, ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలాల్లోనూ రాత్రిపూట మోత చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదని అది స్పష్టంగా చెబుతుంది. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. పారిశ్రామిక ప్రాంతమైతే పగలు 75, రాత్రి 70. డెసిబెల్స్ లెక్క మన కూడికల లెక్క కాదు. పది పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది, చెవికి దాదాపు రెట్టింపు వినిపిస్తుంది. సెజ్ గోడకు అవతల 75, ఇవతల 55 అని కాగితం మీద రాసుకోవచ్చు. ఇల్లు, వర్క్‌షాపు, లాడ్జి, కోళ్ల దుకాణం ఒకే సందులో ఉన్న ఊళ్లో ఏది ఏ ప్రాంతమో ముందు అధికారులు తేల్చాలి.

ఈ నిబంధనల్లో సామాన్యుడికి పనికొచ్చే కీలకం ఒకటుంది. పగటి మోత మీద ఫిర్యాదు చేయాలంటే పరిమితి కంటే కనీసం 10 డెసిబెల్స్ ఎక్కువ ఉందని చూపాలి. రాత్రి ఆంక్షల విషయంలో ఆ కొలత అక్కర్లేదు. నివాస ప్రాంతంలో రాత్రి పదిన్నరకు కాంక్రీటు కలిపే మిల్లరు తిరిగిందంటే, అదే ఉల్లంఘన. కలెక్టరుకో, ఆ బాధ్యత అప్పగించిన డీఎస్పీ స్థాయి అధికారికో రాయవచ్చు. కోర్టులు కూడా ఈ విషయంలో గట్టిగానే నిలబడ్డాయి. మోత బెడద లేకుండా బతకడం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2005 జులై 18న చెప్పింది. 2012లో రామ్‌లీలా మైదానం కేసులో జస్టిస్ బి.ఎస్. చౌహాన్ మరో అడుగు వేసి, నిద్ర కూడా ప్రాథమిక హక్కేనని విడిగా రాశారు. అర్ధరాత్రి మైదానంలో నిద్రపోతున్న జనాన్ని పోలీసులు లేపి తరిమిన కేసు అది.

అయితే చట్టానికి తెలిసిన రాత్రి ఒక్కటే. పది నుంచి ఆరు. అచ్యుతాపురంలో మూడు రాత్రులున్నాయి. తెల్లవారుజామునే లేచి, వంట చేసి, పిల్లలకు డబ్బాలు సర్ది ఉదయం షిఫ్టు బస్సెక్కే ఆడవాళ్లకు రాత్రి తొమ్మిదికే రాత్రి. బి షిఫ్టు దిగి పదకొండున్నరకు ఇల్లు చేరేవాళ్లకు అర్ధరాత్రి నుంచి పొద్దున్న ఏడెనిమిది దాకా. సి షిఫ్టు వాళ్లకు నిండు పగలే రాత్రి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో మహిళల రాత్రి పనికి నిబంధనలు సడలించే నిర్ణయం తీసుకుంది. రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచాలని కూడా అప్పుడే తలపెట్టింది. అంటే పగలు నిద్రపోవాల్సినవాళ్లు ఇంకా పెరుగుతారు. పని గంటలను మార్చే అధికారం ఉన్నవాళ్లు ఆ పనివాళ్ల నిద్ర గంటల గురించి కూడా ఒక మాట రాయాలి కదా!

2024 ఆగస్టు 21 ఈ ఊరు మరిచిపోయే తేదీ కాదు. సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మా కంపెనీలో సాల్వెంట్ లీకై, ఆవిరి అంటుకుని పేలుడు జరిగింది. 17 మంది చనిపోయారు. దానికి కారణం నిద్రలేమి అని నేను అనడం లేదు. అది వేరే సంగతి. కానీ అలాంటి వాల్వుల మీద, గొట్టాల మీద చెయ్యి పెట్టే మనిషి కళ్లు తేటగా ఉండాలని కోరుకోవడానికి ఆ రోజు చాలదా?

మా అమ్మ కుక్కరు

నాన్నది షిఫ్టుల ఉద్యోగం. గాజువాక దగ్గర ఒక ఇరుకు వీధిలో ఉండేవాళ్లం. నాన్న సి షిఫ్టు వారం వచ్చిందంటే ఇంటి నడకే మారిపోయేది. ఆయన గుమ్మంలోకి రాకముందే కుక్కరు మూడు విజిల్స్ అయిపోవాలి. రుబ్బురోలు పెరటి చివరకు జరిగేది. రేడియో గొంతు నొక్కేవాళ్లం. పాత సామాన్లు కొనే అతను మా వాకిలి ముందు కేక వేయకుండా దాటి, రెండిళ్ల అవతల గొంతెత్తేవాడు. అమ్మ ఎప్పుడో ఒకసారి అతనికి మజ్జిగ ఇచ్చి సంగతి చెప్పింది, అంతే. చుట్టుపక్కల ఎవరికి ఏ షిఫ్టో వీధికంతా తెలుసు. ఇప్పటి అద్దె గదుల్లో ఎవరు ఎవరో పక్కవాళ్లకు తెలియదు. అమ్మ మజ్జిగతో చేసిన పని ఇవాళ రాతపూర్వకంగా చేయాల్సి వస్తోంది.

ఏం రాయాలి? ఇక్కడ కట్టడం పనివాళ్ల మాట వినకుండా ఒక్క అడుగు వేయకూడదు. మేస్త్రి చెప్పే ఇబ్బందులు నిజమైనవి. స్లాబు పోయడం మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. సగంలో ఆపి మర్నాడు కలిపితే ఆ అతుకు దగ్గర వానాకాలమంతా నీరు కారుతుంది. ఉదయం మొదలుపెట్టిన స్లాబు, మిల్లరు మొరాయించో, కంకర ఆలస్యమయ్యో, రాత్రి తొమ్మిది దాటవచ్చు. ఇంటికి అది ఏడాదిలో రెండు మూడు రోజులు. ఆ రోజులను ముందుగా పక్కవాళ్లకు చెప్పి చేసుకుంటే ఎవరూ కాదనరు. సాయంత్రం మేస్త్రి వచ్చి "రేపు మా స్లాబు, కాస్త ఓర్చుకోండి" అంటే మనవాళ్లు ఓర్చుకుంటారు. సెంట్రింగ్ చెక్కలు పై నుంచి ధబీమని విసిరేయడానికి మాత్రం ఏ సాంకేతిక కారణమూ లేదు. తాడు కట్టి దించవచ్చు.

బోరు బండిది ఇంకో కథ. తమిళనాడు తిరుచెంగోడు ఈ బళ్లకు పేరున్న ఊరు. అక్కడి నుంచి వచ్చే బండి అడుగుల లెక్కన డబ్బు తీసుకుంటుంది. ఒక చోట పని అవగానే ఇంకో చోటికి. మన వీధికి రాత్రి తొమ్మిదికి వచ్చిందంటే అప్పుడే దింపుతారు, నీళ్లు పడేదాకా కంప్రెసరు ఆగదు. వీధి వీధంతా తెల్లార్లూ జాగారమే. ముహూర్తం తెల్లవారుజామున వచ్చిందని బండి స్టార్ట్ చేయించే ఇళ్లూ ఉన్నాయి. కొబ్బరికాయ కొట్టడానికి, హారతి ఇవ్వడానికి, గడ్డపారతో మూడు పెళ్లలు పెకలించడానికి కంప్రెసరు అక్కర్లేదు. పూజ ముహూర్తానికి చేసుకుని, యంత్రాన్ని ఎనిమిదికి నడపమంటే భూదేవికి అపచారం కాదు.

రాత్రి లారీల సంగతి లోకమంతటికీ పాతదే. జూలియస్ సీజర్ కాలపు రోమ్‌లో పగటిపూట వీధుల్లో బండ్లు తిరగకూడదని చట్టం చేశారు. గుళ్లు, ప్రజల కట్టడాలకు సామాను మోసే బండ్లకు మాత్రం మినహాయింపు. ఫలితంగా మిగతా సరుకంతా రాత్రి కదిలింది, జనానికి నిద్ర కరువైంది. ఇవాళ మన నగరాల్లో పగలు భారీ వాహనాలను ఆపుతున్నాం. ఇసుక, కంకర, ఊచల టిప్పర్లు రాత్రి ఇళ్ల మధ్య దిమ్మరిస్తున్నాయి. టిప్పరు తొట్టి పైకి లేచి కంకర జారే ఆ ఒక్క నిమిషానికి నెలల పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తే, తల్లికి ఆ రాత్రి ముగిసినట్టే.

బయటి దేశాలు గంటలను మనకంటే బిగించాయి. లండన్‌లో సాధారణంగా మోత పనులకు సోమవారం నుంచి శుక్రవారం దాకా 8 నుంచి 6, శనివారం మధ్యాహ్నం 1 వరకు, ఆదివారం సెలవు. సింగపూర్‌లో ఇళ్లకు 150 మీటర్లలోపు ఉన్న కొత్త సైట్లలో శనివారం రాత్రి 10 నుంచి సోమవారం ఉదయం 7 దాకా పని ఆపాలని 2011 సెప్టెంబరులో నియమం వచ్చింది. మనకు నేరుగా పనికొచ్చేది గల్ఫ్ నియమం. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. శ్రీకాకుళం నుంచి వెళ్లి అక్కడ సెంట్రింగ్ పని చేసి వచ్చినవాళ్లు ఆ రెండున్నర గంటల నీడ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఇరుగుపొరుగు కోసం చేసింది కాదు, కూలీ ప్రాణం కోసం చేసింది. కానీ మన ఊళ్లో ఆ రెండూ ఒకే గంటలో కలుస్తున్నాయి. మిట్టమధ్యాహ్నం మేడ మీద ఒకడు ఎండకు సొమ్మసిల్లుతున్నాడు, పక్క గదిలో ఒకడు నిద్ర కోసం దొర్లుతున్నాడు.

అందుకని నా మాట ఇది. 5ఎ నిబంధన రాత్రిని కాపాడుతుంది. పగటి కోసం అదే నిబంధనల్లో 8వది ఉంది. జనానికి ఇబ్బంది కలిగించే ఏ వృత్తి, ఏ ప్రక్రియ మోతనైనా నియంత్రిస్తూ అధికారి రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వవచ్చని అది అంటుంది. ఆ అధికారంతో అచ్యుతాపురం, రాంబిల్లి లాంటి షిఫ్టుల ఊళ్లకు వేరే వేళలు రాయాలి. ఎండలో చేయాల్సినవి, అంటే పునాది తవ్వకం, స్లాబు, బోరు, ఉదయం 8 తర్వాత, ముందుగా చెప్పి. 12 నుంచి 2 దాకా, మధ్యలో ఆపలేని స్లాబు తప్ప, అన్నీ బంద్. నీడలో చేసే మోత పనులు, అంటే కట్టరు, డ్రిల్లింగు, గోడ చిప్పింగు, మధ్యాహ్నం 2 నుంచి 6 లోపే. ఇటుక కట్టుబడి, ప్లాస్టరింగు, పుట్టీ, రంగులు పొద్దున్నంతా చేసుకోవచ్చు, వాటి చప్పుడు గోడ దాటదు. ముందే చెప్పిన స్లాబు రోజు తప్ప, రాత్రి 8కి యంత్రాలన్నీ ఆగాలి. ఆదివారం మోత లేదు. ఇందులో కూలీకి ఒక్క గంట పనీ పోదు, పని వరస మారుతుంది, అంతే. ప్లాను మంజూరు కాగితం మీదే ఈ వేళలు అచ్చువేసి, సైటు ముందు బోర్డు కట్టించే పని పంచాయతీ చేయగలదు. మోత మొదట తగిలేది పనివాళ్లకే అన్నది మరవకూడదు. ఆ కట్టరు పట్టుకున్న కుర్రాడి చెవుల్లో దూది కూడా లేదు. కింద సిమెంటు బస్తాల పక్కన వాచ్‌మన్ భార్య చంటిపిల్లను జోకొడుతోంది.

నెల తర్వాత మళ్లీ ఆ సందుకు వెళ్లాను. మా బంధువు చెప్పగా ఆ మేడ కట్టిస్తున్న ఇంటాయన, మేస్త్రి కూర్చుని మాట్లాడుకున్నారట. పలకలన్నీ పొద్దున్నే కొలిచి గీతలు గీసి పెట్టుకుని, కోత మధ్యాహ్నానికి ఉంచుతున్నారు. పదకొండింటికి మూడో అంతస్తులో తాపీ గోడను రాస్తున్న చప్పుడు సన్నగా వస్తోంది. కిటికీకి కట్టిన దుప్పటి కదల్లేదు. రెండూ అయిదుకి కట్టరు కీచుమంది. మరో అయిదు నిమిషాలకు ఆ కుర్రాడు నోట్లో బ్రష్షుతో బయటికొచ్చి, పైకి చూసి చెయ్యి ఊపాడు. పై నుంచి మేస్త్రి అడిగాడు, "పడుకున్నావేంట్రా, తమ్ముడూ?"

"ఆరు గంటలు, అన్నా."