ముట్లుడుగు సంధికాలంలో పొత్తికడుపు నొప్పి

స్త్రీలకు నెలసరి శాశ్వతంగా ఆగిపోవడాన్ని ముట్లుడగడం లేదా రుతువిరతి అంటారు. అలా ఆగిపోవడానికి ముందు కొన్ని సంవత్సరాల పాటు నెలసరి క్రమం తప్పుతుంది, శరీరంలో అనేక మార్పులు కలుగుతాయి. ఈ దశను ముట్లుడుగు సంధికాలం అనవచ్చును. వైద్యులు దీనిని పెరీమెనోపాజ్ అని వ్యవహరిస్తారు. ఇదే వయసులో చాలామంది స్త్రీలకు పొత్తికడుపులోనూ, నడుము దిగువ భాగంలోనూ నొప్పి వస్తుంటుంది. ఆ వయసుకు అది మామూలేనని ఓర్చుకొనేవారు కొందరు. క్యాన్సరేమోనని భయపడి గర్భసంచి తీయించుకొనేవారు మరికొందరు. నొప్పికి కారణమేమిటో తేల్చుకోకుండా ఈ రెండింటిలో ఏది చేసినా ప్రమాదమే.

వయసు

చివరిసారి ముట్టయిన తరువాత వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్లు నిర్ణయిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం ఎక్కువమందికి ఇది 45 నుండి 55 సంవత్సరాల మధ్య జరుగుతుంది. భారతీయ స్త్రీలలో సగటు వయసు సుమారు 46-47 సంవత్సరాలు. సంధికాలం సాధారణంగా నలభైలలో మొదలై కొన్నేళ్ళు కొనసాగుతుంది. 40 సంవత్సరాలకు ముందే నెలసరి ఆగిపోతే దానిని సహజమని భావించరాదు, వైద్యుని సంప్రదించాలి.

శరీరంలో జరిగే మార్పులు

అండాశయాలలో అండాల సంఖ్య తగ్గేకొద్దీ కొన్ని నెలలలో అండం విడుదల కాదు. అటువంటి నెలలలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను తగినంత తయారు కాదు. ఈస్ట్రోజన్ ఒక నెల ఎక్కువగా, ఒక నెల తక్కువగా ఉంటుంది. దీని ఫలితంగా గర్భాశయపు లోపలి పొర మందంగా పెరిగి, ఆలస్యంగానూ ఎక్కువగానూ ఊడిపోతుంది. రెండు మూడు నెలలు ముట్టు రాకుండా ఉండి, తరువాత గడ్డలతో అధిక రక్తస్రావం కావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఈ కాలంలో సాధారణంగా కనిపించే లక్షణాలు:

* నెలసరి త్వరగా లేదా ఆలస్యంగా రావడం, రక్తస్రావంలో హెచ్చుతగ్గులు
* ముఖం, మెడ, ఛాతీ నుండి ఒక్కసారిగా ఆవిరి ఎగసినట్లుండడం, రాత్రిపూట చెమటలు
* నిద్ర పట్టకపోవడం, చిరాకు, దిగులు, మతిమరుపు
* కీళ్ళనొప్పులు, యోని పొడిబారడం, మాటిమాటికి మూత్రం రావడం

ఆవిర్లను ఎండ వేడిమితో పొరబడే అవకాశం ఉంది. ఎండ వలన కలిగే ఉక్క నీడకు చేరితే తగ్గుతుంది. ఆవిరి అలా కాదు. మార్గశిరపు చలిరాత్రి కూడా అది నిద్ర లేపుతుంది, సాధారణంగా కొన్ని నిమిషాలుండి తగ్గిపోతుంది.

పొత్తికడుపు నొప్పికి కారణాలు

పై లక్షణాలలో పొత్తికడుపు నొప్పి లేకపోవడం గమనించదగినది. సంధికాలంలో ముట్టునొప్పి కొంత పెరగవచ్చును గాని, నెలసరితో సంబంధం లేకుండా విడవని నొప్పికి సాధారణంగా వేరే కారణం ఉంటుంది. వీటిలో ముఖ్యమైనవి:

* గర్భాశయ కంతులు: వీటిని ఫైబ్రాయిడ్లు అంటారు. ఇవి దాదాపు అన్నీ క్యాన్సరు కాని కంతులే. బరువు, అధిక రక్తస్రావం కలిగిస్తాయి. ముట్లుడిగిన తరువాత ఎక్కువగా కుంచించుకొనిపోతాయి.
* ఎండోమెట్రియోసిస్, అడినోమయోసిస్: గర్భాశయపు లోపలిపొర వంటి కణజాలం గర్భాశయం వెలుపల గాని, దాని కండరంలో గాని పెరగడం. ముట్టు సమయంలో తీవ్రమైన నొప్పి వస్తుంది.
* అండాశయపు నీటితిత్తులు: చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. తిత్తి మెలిపడితే హఠాత్తుగా భరించలేని నొప్పి వస్తుంది.
* గర్భాశయం, నాళాలలో ఇన్ఫెక్షను: జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట కావడం దీని గుర్తులు.
* గర్భాశయం జారడం: ఎక్కువ కాన్పులు, బరువులు మోయడం దీనికి దోహదం చేస్తాయి. నొప్పి కంటే కిందికి ఏదో జారుతున్నట్లు అనిపించడం ఎక్కువ.
* ఇతర అవయవాలు: మూత్రంలో ఇన్ఫెక్షను, మూత్రనాళంలో రాళ్ళు, మలబద్ధకం, పేగుల జబ్బులు, నడుము ఎముకలు, కండరాల నొప్పులు.
* గర్భం: సంధికాలంలో కూడా గర్భం రావచ్చును. నాళంలో గర్భం నిలిస్తే ప్రాణాపాయం.

అండాశయ క్యాన్సరు పై వాటికంటే చాలా అరుదు. అయినా కడుపు ఉబ్బరం, కొద్దిగా తినగానే కడుపు నిండినట్లుండడం, పొత్తికడుపు నొప్పి, తరచుగా మూత్రం రావడం వంటివి కొత్తగా మొదలై వారాల తరబడి తగ్గకపోతే పరీక్ష తప్పనిసరి.

ఆలస్యం చేయరాని సందర్భాలు

హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన నొప్పి, నొప్పితో పాటు జ్వరం లేదా స్పృహ తప్పడం, గంటగంటకు బట్ట మార్చవలసినంత రక్తస్రావం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. 108 అంబులెన్సును పిలవవచ్చును. కలయిక తరువాత రక్తం కనబడినా, ముట్లుడిగి ఏడాది దాటిన తరువాత ఒక్క చుక్క రక్తం కనబడినా, నొప్పి లేకపోయినా సరే, కొద్ది రోజులలోనే వైద్యునికి చూపించుకోవాలి. గర్భాశయ క్యాన్సరును తొలిదశలో పట్టుకొనేందుకు ఆ రక్తమే హెచ్చరిక కావచ్చును.

పరీక్షలు, చికిత్స

45 సంవత్సరాలు దాటినవారిలో సంధికాలాన్ని లక్షణాలను బట్టే గుర్తిస్తారు. హార్మోను పరీక్ష సాధారణంగా అవసరం లేదు. నొప్పి ఉన్నప్పుడు కడుపు, యోని పరీక్ష, మూత్రపరీక్ష, హిమోగ్లోబిన్, అవసరమైతే గర్భనిర్ధారణ పరీక్ష, అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేస్తారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు కోసం 30 ఏళ్ళు దాటినవారికి చేసే పరీక్ష వేరుగా ఉంటుంది. రక్తస్రావం అసాధారణంగా ఉంటే లోపలి పొర నుండి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముట్టయిన తేదీలు, నొప్పి వచ్చిన రోజులు క్యాలెండరులో గుర్తు పెట్టుకొని తీసుకొనివెళితే వైద్యునికి ఎంతో ఉపయోగం.

అధిక రక్తస్రావానికి ట్రానెక్సామిక్ ఆమ్లం, నొప్పికి మెఫెనామిక్ ఆమ్లం వంటి మాత్రలు, హార్మోను మాత్రలు, గర్భాశయంలో అమర్చే హార్మోను సాధనం ఉన్నాయి. ఆవిర్లు మరీ బాధిస్తే హార్మోను చికిత్స ఇస్తారు. రొమ్ము క్యాన్సరు, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి ఇది సాధారణంగా పనికిరాదు. ఏ మందైనా వైద్యుని సలహాపైనే వాడాలి.

ఆంధ్రప్రదేశ్‌లో గర్భసంచి తొలగింపు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు భారతదేశంలో 3.3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. ఈ శస్త్రచికిత్సలలో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. స్త్రీలు చెప్పిన కారణాలలో అధిక రక్తస్రావం, నొప్పి మొదటి స్థానంలో ఉన్నాయి. అంటే మందులతో తగ్గించగల బాధలకు కూడా అవయవాన్నే తొలగించిన సందర్భాలు తక్కువ కాదు. హైదరాబాదుకు చెందిన వైద్యులు డా. ఎస్.వి.కామేశ్వరి, డా. ప్రకాశ్ వింజమూరి ఉమ్మడి రాష్ట్రపు గ్రామాలలో ఈ విషయాన్ని పరిశీలించి వెలుగులోకి తెచ్చారు.

క్యాన్సరు, మందులకు లొంగని రక్తస్రావం వంటి సందర్భాలలో ఈ శస్త్రచికిత్స ప్రాణాలు కాపాడుతుంది. అయితే గర్భసంచితో పాటు అండాశయాలను కూడా 45 ఏళ్ళలోపు తొలగిస్తే ముట్లుడగడం ఒక్కరోజులో జరిగిపోతుంది. ఎముకలు బోలుగా మారడం, గుండెజబ్బు వచ్చే అవకాశం పెరుగుతాయి. అండాశయాలను ఉంచినా ముట్లుడుగు కొంత ముందుగా రావచ్చును. అనవసర శస్త్రచికిత్సలను నివారించడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు రూపొందించింది. వాటిని మూడు నెలలలో అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

లేపాక్షి ప్రాంతంలో

లేపాక్షి ఒకప్పుడు అనంతపురం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. ఈ కరువు పీఠభూమిలో వేరుశనగ చేలలో కలుపు తీయడం, మల్బరీ ఆకు కోయడం, నీళ్ళు మోయడం ఎక్కువగా స్త్రీల పనులే. గంటల తరబడి వంగి చేసే పని వలన నడుము నొప్పి, ఎండలో నీరు తాగక మూత్రాన్ని ఆపుకోవడం వలన మూత్ర సంబంధమైన బాధలు కలుగుతాయి. వీటిని గర్భసంచి నొప్పిగా భావించడం సులభం. పై సర్వే ప్రకారమే రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అటువంటివారు నెలల తరబడి అధిక రక్తస్రావాన్ని ఓర్చుకొంటే ఆయాసం, గుండెదడ వచ్చేంతగా నీరసిస్తారు. ఒకరోజు కూలి పోతుందని వైద్యునికి చూపించుకోవడం వాయిదా వేయడం ఇక్కడ ప్రధానమైన అడ్డంకి.

మొదట ఆశా కార్యకర్తకు లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెప్పుకొంటే మూత్ర, రక్త పరీక్షలు జరుగుతాయి. తరువాతి పరీక్షలకు హిందూపురంలోని జిల్లా ఆసుపత్రి, అనంతపురంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్నాయి. గర్భసంచి తీయాలని ఎవరైనా చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి: జబ్బు పేరేమిటి? మందులతో తగ్గే అవకాశం లేదా? అండాశయాలను ఉంచుతారా? ప్రాణాపాయం లేనప్పుడు మరొక వైద్యురాలి అభిప్రాయం తీసుకొనేంత వ్యవధి దాదాపు ఎప్పుడూ ఉంటుంది.