పెరటి పులుపు

పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదని సామెత. నిత్యము కన్నుల ఎదుట నుండు దానికి విలువ కట్టుట మనుష్యునకు చేతకాదని దాని భావము. వైద్యము మాట ఎటులున్నను, పెరటి నిమ్మకు, ఉసిరికి, గోంగూర మడికి నేడు సంతలో ధర పలుకుచున్నది. అయితే ఆ ధర కాయకు కాదు, ఆకునకు కాదు. జాడీలో ఊరిన పచ్చడికి. కాయ జాడీని చేరి, జాడీ సంతను చేరు నడుమ జరుగు పని యెంత, దానికి ఎవరు వెల కట్టవలెను అన్నది పైకి కనబడునంత చిన్న ప్రశ్న కాదు.

పాతకాలపు తెలుగు ఇంటి పెరడును ఒకమారు తలచుకొన్నచో ఒక విశేషము తోచును. నూతి గట్టున నిమ్మ, అంట్లు తోమిన నీరు పారు చోట కరివేప, ఎండ తగులు మూల ఉసిరి, దడివారన దబ్బ, చిన్న మడిలో గోంగూర, చోటున్న వారికి ఒక మామిడి. కరివేపను విడిచినచో తక్కినవన్నియు పుల్లనివే. ఇది కేవలము రుచికొరకు జరిగిన ఏర్పాటు కాదు. పులుపే నిలువకు మూలము. ఆమ్లత్వమును కొలుచు పీహెచ్ మానములో 7 తటస్థ బిందువు. అంకె తగ్గినకొలది పులుపు హెచ్చును. నిమ్మరసము 2కు కొంచెము పైనను, పచ్చిమామిడి 3కు దాపునను ఉండును. గాలి తగులని ఆహారములో పెరిగి ప్రాణాంతకమైన విషమును పుట్టించు ఒక సూక్ష్మజీవి కలదు. ఆమ్లత్వపు అంకె 4.6కు లోబడిన చోట అది వృద్ధి పొందజాలదు. పచ్చడిపై తేలు నూనె గాలిని అడ్డగించి బూజు పట్టకుండ కాపాడునుగాని, గాలి లేని చోటనే బలియు ఈ శత్రువును అది ఆపలేదు. దానిని ఆపునది పులుపు, దానికి తోడు ఉప్పు. కాకర, వంకాయ వంటి పులుపు లేని కూరలతో పచ్చడి పట్టునపుడు చింతపండో నిమ్మరసమో కలుపుట ఇందుకే అక్కరకు వచ్చును. ఈ అంకెలను ఎరుగకయే మన ఇండ్లలోని స్త్రీలు తరతరములుగా ఈ శాస్త్రమును ఆచరించిరి. రసాయన శాస్త్ర పాఠమునకు ఊరగాయ జాడీని మించిన ఉపకరణము దొరకుట కష్టము.

ఆచరణలోని నియమములు కఠినమైనవి. ఆవకాయకు కాయ పుల్లనిదై, టెంక గట్టిపడినదై యుండవలెను. కాయలను కడిగి, తడి లేకుండ తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టి, లోని జీడిని, దానిని అంటియున్న పొరను తీసివేయవలెను. ఆవపిండి, కారము, ఉప్పు, నూనె కలిపి జాడీ కెత్తి వాసెన కట్టి, మూడవనాడు తిరగ కలుపవలెను. మాగాయ తీరు వేరు: చెక్కు తీసిన ముక్కలను ఉప్పు, పసుపులలో ఊరవేసి, పిండి ఎండబెట్టి, మరల ఆ ఊటలోనే చేర్చుదురు. కార్తికములో ఉసిరి, చలికాలమున చింతకాయ తొక్కు, ఎండలు ముదురక మునుపే పండుమిరప, వేసవిలో మామిడి. ఇట్లు ఏడాది పొడుగున జాడీలకు తీరిక లేదు. తడి గరిటె ఒక్కటి పడినచో నెలల శ్రమ బూజు పాలగును.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు నిమ్మచెట్టు సమాధానము చెప్పును. వేసవిలో నిమ్మకాయకు గిరాకి హెచ్చు. అప్పుడు చెట్టున కాయలు తక్కువ. వానలు పడునాటికి చెట్టు విరగకాచును. అప్పుడు ఊరందరి చెట్లును కాచును గనుక ధర ఉండదు. పచ్చికాయ కొన్నాళ్ళకే వాడిపోవును; ఉప్పులో ఊరిన కాయ మరుసటి వేసవిని చూచును. ధర లేని దినములలోని కాయను ధర ఉన్న దినములకు చేర్చునది జాడీ. చిన్న పెరడు గలవారికి శీతల గిడ్డంగి అదియే.

అమ్ముకొను చోటు కూడ ఉండవలెను గదా. రైతు దళారి లేకుండ నేరుగ అమ్ముకొను సంతలు పంజాబు ప్రాంతమున 1987లో ‘అప్నీ మండీ’ పేర మొదలైనవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతుబజారులు వెలసినవి. అదే సంవత్సరము తమిళనాట ‘ఉళవర్ సందై’ వచ్చినది. 2014లో రాష్ట్రము రెండైన పిదపను రైతుబజారులు రెండుచోట్లను సాగుచున్నవి. గుర్తింపు పత్రము గల రైతు తన పంటను తెచ్చి, టోకు ధరకును చిల్లర ధరకును నడుమ నిర్ణయించి పలకపై వ్రాసిన ధరకు అమ్ముట అచటి పద్ధతి. స్వయంసహాయక సంఘముల స్త్రీలు కొన్ని బజారులలో పచ్చళ్ళు, పొడులు, అప్పడములు కూడ అమ్ముదురు. వంకాయ ధర పలకపై కనబడును. పచ్చడి ధర ఏ పలకపైనను ఉండదు. దానిని పట్టిన ఆమెయే నిర్ణయించుకొనవలెను. చిక్కంతయు ఇచటనే ఉన్నది.

ఇంటి వంటకు చేతి కొలత చాలును. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అను లెక్కలో పెరిగిన పెద్దమ్మకు ఆవపిండి ఇంత, ఉప్పు ఇంత అని చెప్పుట నిమిషము పని. కాని సంతలో తూకము కావలెను. కొలపాత్రలో సమానమైన ఉప్పు, ఆవపిండి త్రాసులో సమానము కావు. నేడు నచ్చిన పచ్చడి వచ్చే నెల మరియొక రుచిగా ఉన్నచో కొన్నవారు మరల రారు. ఇంటివారు ‘ఈ యేడు ఉప్పు కొంచెము ముందున్నది’ అని సరిపెట్టుకొందురుగాని, కొనువారికి ఆ బంధుత్వము లేదు. పైగా 2006 నాటి ఆహార భద్రతా చట్టము, దానిననుసరించి 2011లో వచ్చిన నిబంధనలు, అమ్మకమునకు ఆహారము చేయు చిన్న కుటీరమునకు కూడ నమోదును విధించినవి.

గోదావరి సీమలోని ఉసులుమర్రు ఈ పనినే జీవనోపాధిగా చేసికొని పచ్చళ్ళ ఊరుగా పేరుపడినది. తెలుగువారు విరివిగా స్థిరపడిన అమెరికాలోని టెక్సస్ రాష్ట్రములో, ఇంట పట్టిన ఊరగాయలను అమ్ముకొనుటకు 2019లో చట్టము దారి ఇచ్చినది. ఆమ్లత్వము 4.6కు మించరాదన్న అంకె ఆ చట్టములోను కలదు. నూతిగట్టు నిమ్మచెట్టు ఎరిగిన సంగతియే అచట శాసనమైనది.

ఇక ధర మాట. చేతితో పట్టి అమ్మువారు లెక్క వేయునపుడు కారము, నూనె, ఉప్పు, సీసా వెల వ్రాసికొందురు. కాయ పెరటిది గనుక దానికి వెల లేదందురు. తమ చేతిపనికి అసలే వ్రాయరు. తత్ఫలితముగ దుకాణపు పచ్చడికన్న తక్కువకు అమ్మి, లాభము వచ్చినదని సంతోషింతురు. ఇది లాభము కాదు, వ్రాయని కూలి. వేసవిలో రైతుబజారు వాకిట పెద్ద కత్తిపీటలు వేసికొని కూర్చుండి, కొన్నవారి మామిడికాయలను ముక్కలు కొట్టి ఇచ్చువారు కనబడుదురు. వారు ఇంతకింతయని కూలి పుచ్చుకొందురు. ఇచ్చువారును బేరమాడక ఇచ్చెదరు. ఆ కూలి కాయ కొట్టుటకు మాత్రమే. లోపల బల్లపై పచ్చడి సీసాలు పేర్చుకొని కూర్చున్న ఆమె లెక్కపుస్తకములో ఆ పద్దు లేదు. కాయ తుడిచిన పద్దు, జీడి తీసిన పద్దు, మిరపకాయల తొడిమలు తీసి దంచిన పద్దు, మూడవనాడు తిరగ కలిపిన పద్దు, వానకాలమంతయు వాసెన విప్పి చూచి మరల కట్టిన పద్దు కూడ లేవు.