ముందు ప్రవాహం, తర్వాతే గొట్టం

మే నెలాఖరుకి మా హామిల్టన్‌లో రాయల్ బొటానికల్ గార్డెన్స్ వారి లైలాక్ తోట విరగబూస్తుంది. ఒక ఏడాది ఊరినుంచి వచ్చిన నాన్నగారిని తీసుకెళ్ళాను. నూజివీడు వైపు తోటల్లో మామిడికి అంటు కట్టిన చేతులు ఆయనవి. పువ్వులకన్నా కొమ్మల్నే ఎక్కువ చూశారు. "ఏరా, అంటు కట్టినప్పుడు పై పుల్లకీ కింది మొక్కకీ నీటిగొట్టాలు కలిపేది ఎవరంటావు?" అన్నారు. ప్రోగ్రాములు రాసుకునే నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి వెతికితే అది లైలాక్‌లోనే దొరికింది!

మొక్క ముక్కని గాజుసీసాలో పెంచితే కాలస్ అనే మెత్తటి కణాల ముద్ద తయారవుతుంది. అంటు గాయం దగ్గర ఉబ్బేదీ ఇలాంటిదే. అందులో నీటిని మోసే దారువు గాని, ఆకులు చేసిన చక్కెరని మోసే ఫ్లోయం గాని దాదాపు ఉండవు. కెనడాలో పుట్టి హార్వర్డ్‌లో పనిచేసిన రాల్ఫ్ వెట్‌మోర్, సోరోకిన్‌తో కలిసి 1955లో లైలాక్ కాలస్‌లో ఒక లైలాక్ మొగ్గని అంటు కట్టారు. మొగ్గ కింద, ముద్ద లోపల, దారువు పుట్టింది. 1963లో వెట్‌మోర్, రియర్ మొగ్గ లేకుండా, ఆక్సిన్ అనే హార్మోనూ చక్కెరా మాత్రమే ఇచ్చారు. అయినా దారువు వచ్చింది! చక్కెర 2 శాతం ఉంటే ఎక్కువగా దారువు, 4 శాతం ఉంటే ఎక్కువగా ఫ్లోయం, 3 దగ్గర రెండూ. కోడు మారలేదు, ఇన్‌పుట్ మారిందంతే.

మరి ఆ కణాలు వరసలో ఎందుకు నిలబడతాయి? త్స్వి సాక్స్ ఇచ్చిన వివరణ ఇది: చిగురునుంచి దిగే ఆక్సిన్ ఏ కణాలగుండా కాస్త ఎక్కువ పోతుందో, అవి దాన్ని ఇంకా సులువుగా పోనిస్తాయి. చివరికి ఆ దారే గొట్టమవుతుంది. మనం పైపులు వేసి నీళ్ళు వదులుతాం. మొక్క ముందు కబురు పంపి, అది నడిచిన దారినే పైపు చేసుకుంటుంది.

దీనికి ఖరీదుంది. 1980లో జపాన్‌లో ఫుకుడా, కొమామినే జిన్నియా ఆకు కణాలను విడదీసి ఆక్సిన్, సైటోకైనిన్ కలిపి ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే చాలా కణాలు దారుకణాలుగా మారాయి. అలా మారే కణం గోడని గట్టిపరచుకుని, లోపలి సరుకంతా తనే జీర్ణం చేసుకుని చచ్చిపోతుంది. మిగిలిన బోలు గోడే నీటికి దారి.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. నాన్నగారు నవ్వి, "అందుకే మేం మొగ్గ ఉబ్బిన పుల్లనే అంటుకి కోసేవాళ్ళం" అన్నారు.