విద్యార్థి లఘుచిత్రాలకు వేదిక: అబిడ్స్, నాంపల్లి ప్రాంత అనుభవం

హైదరాబాద్: చలనచిత్ర నిర్మాణంలో శిక్షణ పొందే విద్యార్థికి కెమెరా, ఎడిటింగ్ పరికరాలు ఎంత అవసరమో, తాను తీసిన చిత్రాన్ని అపరిచితుల మధ్య కూర్చుని చూసుకొనే అవకాశం కూడా అంతే అవసరం. నగరంలోని అబిడ్స్, నాంపల్లి పరిసరాలు వేర్వేరు కాలాల్లో ఈ రెండు అవసరాలను తీర్చాయి.

గోల్డెన్ త్రెషోల్డ్

నాంపల్లి స్టేషన్ రోడ్డులోని గోల్డెన్ త్రెషోల్డ్ భవనం శ్రీమతి సరోజినీ నాయుడు తండ్రి డాక్టర్ అఘోరనాథ ఛటోపాధ్యాయ నివాసం. 1905లో వెలువడిన ఆమె తొలి కవితా సంపుటి పేరే ఈ భవనానికి స్థిరపడింది. అనంతర కాలంలో ఇది 1974లో ఏర్పాటైన హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి సంక్రమించింది. 1988లో సరోజినీ నాయుడు పేరిట ప్రారంభమైన కళలు, కమ్యూనికేషన్ పాఠశాలకు ఈ భవనం నెలవైంది. నాటకం, నృత్యం, చిత్రకళలతో పాటు కమ్యూనికేషన్ కూడా ఒకే పాఠశాల పరిధిలోకి రావడం దీని ప్రత్యేకత. తదుపరి ఈ పాఠశాల గచ్చిబౌలి ప్రాంగణానికి తరలింది.

సినివారం

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు చేరువలోని రవీంద్రభారతిలో తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ 2016లో 'సినివారం' కార్యక్రమానికి శ్రీకారం చుట్టింది. శనివారం సాయంత్రాల్లో యువ దర్శకుల లఘుచిత్రాలను ప్రదర్శించి, అనంతరం వారితో ప్రేక్షకుల ముఖాముఖి నిర్వహించడం దీని విధానం. ఇందుకు వేదికైన ప్రివ్యూ థియేటర్‌కు 1980 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కార గ్రహీత, కరీంనగర్‌లో జన్మించిన శ్రీ పైడి జైరాజ్ పేరు పెట్టారు.

ప్రదర్శన నేర్పే పాఠాలు

తొలి చిత్రాల్లో సాధారణంగా కనిపించే లోపం శబ్దానికి సంబంధించినది. కంప్యూటర్ ముందు స్పష్టంగా వినిపించిన సంభాషణ థియేటర్‌లో వాహనాల రొదలో కలిసిపోతుంది. అబిడ్స్ పోస్టాఫీసు కూడలి వంటి చోట చిత్రీకరించేటప్పుడు మైకును నటునికి దగ్గరగా ఉంచడం, ఆ పరిసరాల శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకోవడం, అవసరమైతే డబ్బింగ్ చెప్పించడం దీనికి మార్గాలు. రెండవది నిడివి. కథ తెలిసిన దర్శకునికి తోచని విసుగు ప్రేక్షకుల కదలికల్లో వ్యక్తమవుతుంది.

మూడవది అనుమతులు. నాంపల్లి రైల్వే స్టేషన్‌లో చిత్రీకరణకు దక్షిణ మధ్య రైల్వే అధికారుల అనుమతి పొందవలసి ఉంటుంది. సినిమా పాటలకు 1957 నాటి కాపీరైట్ చట్టం రక్షణ కల్పిస్తున్నది. బహిరంగ ప్రదర్శనకు 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం ధ్రువపత్రం అవసరం. చలనచిత్రోత్సవాలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉన్నది. షూటింగ్ ముగిసిన తరువాత ఈ విషయాలు తెలిస్తే, నెలల శ్రమతో తీసిన చిత్రం ప్రదర్శనకు నోచుకోకుండా మిగిలిపోయే ప్రమాదమున్నది.

నమోదు ఆవశ్యకత

ముఖాముఖిలో వెల్లడైన అనుభవం ఆ సాయంత్రంతోనే ముగిసిపోతే, తరువాతి విద్యార్థులు అవే పొరపాట్లను తిరిగి చేస్తారు. ప్రతి ప్రదర్శన అనంతరం చిత్రీకరణ స్థలం, పొందిన అనుమతులు, అయిన ఖర్చు, ఎదురైన ఇబ్బందులను ఒక పుటలో నమోదు చేసి విద్యాసంస్థలకు అందజేయడం పెద్ద వ్యయంతో కూడిన పని కాదు. స్థిరమైన రోజు, చిన్న థియేటర్, నిష్పాక్షికమైన చర్చ, దాని నమోదు: ఈ నాలుగూ సమకూరినప్పుడే ఒకరి పొరపాటు పదిమందికి పాఠమవుతుంది.